పక్కన మోకరించిన మనిషి

కరీంనగర్,
12 నవంబరు 1963.

చిరంజీవి సలోమికి,

మన ప్రభువు చల్లని నీడలో నువ్వూ, మీ అవ్వా బాపూ క్షేమంగా ఉన్నారని తలుస్తూ చిన్నమ్మ దీవించి రాయునది.

ఏళ్లుగా నన్ను విడవని ప్రశ్న ఒకటి ముందుగా నీకు చెబుతున్నాను. భార్యాభర్తలు పక్కపక్కన మోకరించి పైకి వినపడేలా ప్రార్థన చేస్తే, ఆ మాట దేవునికి చేరినట్టా, పక్కన మోకరించిన మనిషికి చేరినట్టా?

నీ ఉత్తరం అందింది. జనవరిలో మెట్‌పల్లి చర్చిలో నీ పెండ్లి అని, మేమిద్దరం కలిసి వచ్చి మీ తలల మీద చేతులుంచి ప్రార్థించాలని, నువ్వు చూసిన కాపురాల్లో మాదే మంచిదని రాశావు.

మా కాపురమంతా సాయంకాలపు కుటుంబ ప్రార్థనలోనే నడిచింది, తల్లీ. మీ చిన్నబాపు దవాఖానలో కాంపౌండరు. రోగులతో గలగలా మాట్లాడే మనిషి, గడప దాటి లోపలికొస్తే మౌనం. నేనేమో యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని, నోరు తెరిచి అడగడం చిన్నతనమనుకునేదాన్ని. అందుకని ఇద్దరం దేవునికే చెప్పుకునేవాళ్లం. పెండ్లయిన కొత్తలో ఆయన కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ దాసురాలి చెయ్యి పప్పుల ఉప్పు కాడ జర ఆగేటట్టు చెయ్యి" అన్నారు. మర్నాడు నా వంతు. నీ దాసుడు బురద చెప్పులు బయటే విడిచేంత జ్ఞానం ఇమ్మని వేడుకున్నాను. రెండూ నెరవేరాయి. ఇక అదే అలవాటైంది. మా అత్త బుచ్చవ్వ ఆమెన్ అనకుండా ఒక కన్ను తెరిచి మమ్మల్ని చూసేది. "దేవుని పంచాయతికి కూసోబెట్టిండ్రు గదనే. పాపం, ఆయనెవలి దిక్కు చెప్పాలె?" అనేది.

నవ్వకు. పిల్లలు లేరన్న దుఃఖాన్ని కూడా మేము ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆయన దేవునికి చెబుతుంటే విన్నాను. కళ్లు తెరవకుండానే ఆయన చెయ్యి పట్టుకున్నాను. ప్రేమంటే అదేననుకున్నాను. ఇప్పటికీ కాదనలేను.

కాబట్టి కలిసి ప్రార్థించండి. కానీ ఉప్పు సంగతైనా, కడుపులో దుఃఖమైనా ముందు ఒకరి మొహం ఒకరు చూసి చెప్పుకోండి, తర్వాత దేవునికి చెప్పండి. ఇది సరైన సలహానో కాదో నాకే అనుమానం. మొహాలు చూసుకోవలసి వస్తే మేము ఆ కాస్తయినా చెప్పుకునేవాళ్లమా?

ఇక్కడ చలి మొదలైంది. ఈ మధ్య నా ప్రార్థన పొట్టిదైపోతోంది. ఏమడగాలో తోచక ఆమెన్ అనేస్తున్నాను.

నీ మేలు కోరే
చిన్నమ్మ, మార్తమ్మ

తా.క. అసలు సంగతి రాయకుండానే కవరు అంటించబోయాను. మీ చిన్నబాపు ఇక్కడ లేరు. నా సొంత అక్కే అయినా, మీ అవ్వకు కూడా చెప్పలేదు. ఎండాకాలంలో అత్త పోయాక, పరామర్శకు వచ్చిపోయేవాళ్లతో అలసిపోయి, ఒక సాయంకాలం నన్ను కొన్నాళ్లు ఒక్కదాన్నే ఉండనియ్యమని దేవుణ్ణి అడిగాను. పక్కనుంచి ఆయన ఆమెన్ అన్నారు. ఆ వెంటనే దూరాన అడవుల్లో ఉన్న జైనూరు దవాఖానకు బదిలీ చేయించుకున్నారు. బస్సెక్కే ముందు ఒకటే మాట. "నువ్వు దేవున్ని అడిగితివి. నడుమ నేనెందుకు అడ్డం, మార్తా?"

అది ప్రేమతో అన్నారో, నా మాట గుచ్చుకుని అన్నారో తెలియలేదు. ఆ తర్వాత వచ్చినవన్నీ క్షేమమని రాసిన కార్డులే. ఆయన్ని పంపమని ఇప్పుడు దేవుణ్ణి అడిగితే, వినడానికి పక్కన ఆయన లేరు. నేరుగా రమ్మని రాయడం నాకు చేతకాదు. కలం పట్టుకుంటాను, పెట్టేస్తాను. నీ పెండ్లికి ఇద్దరం వస్తామో, నేనొక్కదాన్నే వస్తానో, రమ్మన్న ఆ ఒక్క మాట ఆయనకు రాయాలో వద్దో, ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.