ప్రూయిట్ గారి పట్టుగౌను

గల్ పాయింట్ దీవి,
1979 మే 4

హాచ్ గారికి నమస్కారాలు.

ఈ ఉదయం గ్రంథాలయం మెట్ల మీద ఒక జింక నిలబడి, తలుపుకు అంటించిన కాగితాన్ని నమిలేస్తోంది. అది మా ప్రదర్శన ప్రకటన. తేదీ ఒక్కటే మిగిలింది: జూన్ 16.

నేను ఇక్కడ పుస్తకాలు సర్దే ఉద్యోగిని. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు ఈ దీవికి వేసవి గడపడానికి రావడం మొదలై నలభై ఏళ్ళయింది. ఆ చరిత్ర రాసి, గ్రంథాలయం గోడ మీద ప్రదర్శనకు పెడుతున్నాను. పాత అరెస్టుల పుస్తకం ఒకటి చేతికొచ్చింది. అందులో 1956 ఆగస్టులో ఆకుపచ్చ పట్టుగౌనులో పట్టుబడిన హోరస్ ప్రూయిట్ అనే హెడ్మాస్టరు ఉన్నారు. పేరూ ఉద్యోగమూ దాచలేదు. గోడ మధ్యలో ఆయన్నే పెట్టాలని ఉంది. ఆ రోజుల్లో మీరూ ఇక్కడికి వచ్చేవారనుకుంటాను. ఆయన మీకు తెలుసా?

వినయంతో,
ఆగ్నెస్ టియర్నీ

*

ఫిలడెల్ఫియా,
మే 9

అమ్మాయి ఆగ్నెస్‌కు,

ప్రూయిట్ అనే మనిషిని నేనెరగను. హెడ్మాస్టర్లు గౌన్లు వేసుకోరు. ఆ పేజీ చెమ్మకు పాడైపోయిందని చెప్పి, గోడ మధ్యలో పడవ బొమ్మ పెట్టుకో. పడవంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఒంట్లో బాగాలేని,
వెండెల్ హాచ్

తా.క. గౌను ఆకుపచ్చ కాదు. సముద్రం రంగు.

*

గల్ పాయింట్,
మే 14

హాచ్ గారికి,

మనిషి గుర్తులేకపోయినా గౌను గుర్తుంచుకున్నందుకు కృతజ్ఞతలు. రంగు సరిదిద్దాను. మంచి వార్త ఏమిటంటే, ప్రూయిట్ గారు బతికే ఉన్నారు. డెబ్బై ఆరేళ్ళు. అరెస్టు సంగతి, గౌను సంగతి వివరంగా రాసి, నిన్ననే ఆహ్వానం పంపాను.

సంతోషంతో,
ఆగ్నెస్

తా.క. గౌను ఇంకా ఉంటే తెమ్మన్నాను. ఇప్పుడు పట్టకపోయినా పరవాలేదన్నాను.

*

ఫిలడెల్ఫియా,
మే 17

ఆగ్నెస్,

వెంటనే ఆయనకు టెలిగ్రామ్ ఇవ్వు. పొరపాటైందని చెప్పు. ఆ గౌను నాది. ఆ పేరు ఇచ్చిందీ నేనే.

నీకెవరూ చెప్పలేదా? ఆ రోజుల్లో మాలాంటివాళ్ళ బతుకే నేరం; పోలీసులకు దొరికితే మర్నాడు పేపర్లో పేర్లు పడేవి. ఎవడో ఒకడు ఆ ముక్క కత్తిరించి మన పై అధికారికి పంపేవాడు. అందుకని పడవ ఎక్కేముందే ప్రతివాడూ ఒక దొంగపేరు తయారుచేసుకునేవాడు. దీవిలో మేం అద్దెకున్న ఇంట్లో రోజూ పరీక్ష జరిగేది.

"నీ పేరేంట్రా?" అనేవాడు, ఆ ఇంట్లో నాతో ఉండే మా లయల్.

"ఎల్మర్ గ్రోట్."

"అంత ఆలోచిస్తావేంట్రా మొద్దూ? సొంత పేరు చెప్పడానికి ఎవడైనా తల గోక్కుంటాడా?"

తీరా పోలీసు భుజం మీద చెయ్యి వేసేసరికి గ్రోట్ ఎగిరిపోయాడు. నోట్లోంచి మా హెడ్మాస్టరు పేరొచ్చింది. నా అదృష్టం, పేపరు ముక్క ఎవరూ పంపలేదు. పట్టుబడింది ఆ ఒక్కసారే. మళ్ళీ ఆ దీవిలో కాలు పెట్టలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆయన కిందే లాటిన్ చెప్పాను, ఒక్కరోజు కూడా ఆయన కళ్ళలోకి చూడలేదు. ఆయన పోయేదాకా ఇది తెలియకుండా ఉంటే చాలని బతుకుతున్నాను.

నిద్రపట్టని,
వెండెల్ హాచ్

తా.క. గౌను ఇప్పటికీ పడుతుంది.

*

గల్ పాయింట్,
మే 23

హాచ్ గారికి,

క్షమించండి. నేను కాన్వెంట్ సిస్టర్ల దగ్గర చదువుకున్నదాన్ని. పోలీసుకు అబద్ధం చెప్పవచ్చని తట్టలేదు. టెలిగ్రామ్ ఇవ్వడానికి బయలుదేరుతుంటే ప్రూయిట్ గారి జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అమ్మా, పదహారున మొదటి పడవకే వస్తాను. గౌను మాత్రం నాది కాదు. ఆ సాయంత్రం నేనూ పోలీసులకు దొరక్కుండా పక్కింటి వెనక ముళ్ళపొదలో బోర్లా పడుకుని ఉన్నాను. నా పేరు మా హాచ్ గొంతులో స్పష్టంగా వినిపించింది. పోలీసువాడు తప్పుగా రాసుకుంటుంటే దిద్దాడు కూడా. మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? కోపం లేదు. ఆయన్ని ఎలాగైనా రప్పించు. క్షమాపణ చెప్పుకోవలసింది నేను."

కారణం ఆయన రాయలేదు. పడవ దిగేచోట మీ ఇద్దరి కోసం నిలబడి ఉంటాను.

మీ రాక కోసం చూస్తూ,
ఆగ్నెస్

తా.క. మీకు చెప్పనిది ఒకటుంది. అదే పుస్తకంలో, 1958 జులై పేజీలో, "వెండెల్ హాచ్, లాటిన్ మాస్టరు" అని ఉంది. మీరు దీవికి రావడం మానేసి అప్పటికి దాదాపు రెండేళ్ళు. మీ చిరునామా నాకు దొరికింది అక్కడే.