రెండో సైరన్

జూన్ 16, సోమవారం

ఇయ్యాల సెంటర్‌కు కొత్త పిలగాడు వచ్చిండు. పేరు సాగర్, నాలుగేండ్లు. తల్లి నవత మంచిర్యాలల బట్టల షాపుల పనిచేస్తది, పదింటికల్ల ఆడ ఉండాలె. బాపు ముత్యం మార్చిల మస్కట్ పోయిండట. పిలగాడు గేటు కాడ తల్లి చున్నీ ఇడుస్తలేడు. నవత పరేషాన్.

నేను ఊకుంటనా? పన్నెండేండ్ల నుంచి అంగన్‌వాడి టీచర్ని. వాని మొకం రోడ్డు దిక్కు తిప్పిన, అగో బొగ్గు లారి, ఎంత పెద్దగున్నదో సూడు అన్న. తల్లికి సైగ చేసిన. వాడు లారిని సూసే లోపట నవత మాయం! రోజు గిట్లనే చెయ్యి బిడ్డా, నాలుగు రోజులల్ల అలవాటైతది అని మాపటికి ఫోన్ చేసి గూడ చెప్పిన. మా లిడియా టీచర్ చెయ్యి పడితె పిల్లలు ఏడ్వరు అని నస్పూర్ల ఊకెనే అంటరా!

జూన్ 19, గురువారం

సాగర్ కొరికిండు. మా సెంటర్ పొల్ల హెప్సిబా చెయ్యి. పండ్లు దిగినయి. పొద్దుగాల 9.40కి.

అరవలే, ఏడ్వలే. ఊకె కూసున్నోడు లేసి కొరికిండు. టైము గీడ రాసి పెట్టుకుంటున్న, మల్ల రిజిస్టర్ల ఎక్కియ్యాలె.

జూన్ 24, మంగళవారం

మల్ల కొరికిండు. 9.35. ఈసారి మా ఆయా వనజను. నాకు ముంగటి పండ్లు ఉంటె నేను గూడ కొరుకుతుంటి అన్నది వనజ. మస్తు నవ్విన. ఎనుకకు తిరిగి సూస్తె సాగర్ మూలకు కూసోని వాని చెయ్యి వాడే కొరుక్కుంటుండు. నవ్వు ఆగిపోయింది.

జూన్ 29, ఆదివారం

చర్చి అయిపోయినంక హెప్సిబా నాయినమ్మ మగ్దలేనమ్మ నన్ను మెట్ల మీదనే పట్టుకున్నది. అందరి ముంగట. మా పొల్లను కుక్కల నడుమకు పంపుతున్నమా, బడికి పంపుతున్నమా అన్నది. నాకు సర్రున లేసింది. చర్చి మెట్లాయె, మింగిన. ఆమె ఊకోలే, సూపర్‌వైజర్ మేడంకు గూడ ఫోన్ చేసిందట.

జూన్ 30, సోమవారం

మేడం ఫోన్. జులై 31 నాడు నేనే వస్త, తల్లులందరి ముంగట తేలుస్త, అప్పటిదాక పిలగాడు మారకపోతె ఇంటికి పంపుడే అన్నది.

నవతకు చెప్పిన. ఆమె గేటు పట్టుకొని కూసున్నది. షాపు ఇడిస్తె ఇల్లు నడువదట. వాన్ని జైనూర్ల వాని అమ్మమ్మ బాలలక్ష్మి తాన ఇడిసి రావాలెనట. జైనూర్ అంటె గుట్టల మీద, బస్సుల మూడు గంటలు. నెలకొక్కసారి సూస్తె సూసుడు. బాపు పాయె, ఇగ తల్లి గూడ పోతదా వానికి? పోనియ్య. నేను పోనియ్య!

జులై 3, గురువారం

మంచిర్యాలల రెండు రోజుల ట్రైనింగ్ నిన్నటితోని అయిపోయింది. చిన్న పిల్లలకు ఎమోషన్స్ ఆటలల్లనే నేర్పాలెనట. కోపం తప్పు కాదట, దాన్ని ఎట్ల ఎల్లగక్కాల్నో తెల్వకపోవుడే కష్టమట. నేను మొదటి లైన్ల కూసున్న. నోట్‌బుక్ నిండింది.

రంగు మొకాల చార్టులు ఇచ్చిండ్రు. ఇయ్యాల ఉషారుగ గోడకు అతికిచ్చి పిల్లలను అడిగిన. కోపం మొకం చూపిస్తె పండ్లు తోముకుంటుండు టీచర్ అన్నరు. బాధ మొకం చూపిస్తె కూరల ఉప్పు తక్కువైంది అన్నరు. సాగర్ అసలు సూడనే లేదు. చార్టు గోడకు మంచిగనే ఉన్నది. గంతే.

జులై 4, శుక్రవారం, పగటీలి 3 గంటలు

దొరికింది! దొరికింది నాకు! పిల్లలు పండుకున్నరు, నా చేతులు ఆగుతలేవు.

మా నస్పూర్ల రోజు రెండున్నరకు ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్. ముందుగాల సైరన్ మోగుతది, అందరు దూరం జరుగుతరు. తర్వాత ధడేల్‌మని సప్పుడు, మా కిటికీలు గజగజ. దుమ్ము కూసున్నంక రెండో సైరన్. ఇగ ఫికర్ లేదు, రావచ్చు అని. మా పోరగాండ్లు పుట్టిన కాన్నుంచి వింటుండ్రు.

ఇయ్యాల మొదటి సైరన్ మోగంగనే సాగర్ చాప మీదికెళ్లి లేసిండు. హెప్సిబా చెయ్యి పట్టుకొని కిటికీ కాడి నుంచి దూరం గుంజిండు. వాడు కొరికిన చెయ్యే! జరుగుండ్రి, బ్లాస్టింగ్ అయితది అని అందరిని ఎనుకకు పంపిండు. సప్పుడుకు రెప్ప గూడ కొట్టలే. రెండో సైరన్ మోగినంక ఇగ రాండ్రి అని చెయ్యి ఊపిండు, పెద్ద ఆఫీసర్ లెక్క.

అరే, కోపం గూడ గిట్లనే గద! కడుపుల బ్లాస్టింగ్ మందు పెట్టినట్లు ఉంటది, పేలుతది. పేలుడు ఆపలేం. ముందుగాల సైరన్ ఏస్తె అయిపాయె! పక్కోళ్లు జరుగుతరు, ఎవ్వరికి దెబ్బ తగలదు. పన్నెండేండ్లు నాకు గిది ఎందుకు తట్టలే?

జులై 7, సోమవారం

బ్లాస్టింగ్ ఆట షురూ! వనజ ముగ్గుపిండితోని గీత కొట్టింది. నడుమల పీట, పీట మీద తడి మట్టి ముద్ద. ఎవ్వరికి కోపమొస్తె వాళ్లు ఊఊఊ అని సైరన్ ఏయాలె. అందరు గీత ఎనుకకు ఉరకాలె. కోపమొచ్చినోళ్లు మట్టిని దబదబ గుద్దాలె, ఏడ్సుడు, అరుసుడు, ఏదన్న చెయ్యొచ్చు. కడుపు సల్లవడ్డంక రెండో సైరన్ ఏయాలె. అప్పుడే గీత దాటి వాళ్ల తానికి ఉరుకుడు. రెండో సైరన్ ఎవ్వలది వాళ్లే ఏయాలె, వేరేటోళ్లు ఏయొద్దు, టీచర్ గూడ ఏయొద్దు.

పిల్లలు పాగల్ అయిపోయిండ్రు. పొద్దందాక సైరన్లే. రోడ్డు మీద పోయే మనిషి సైకిల్ దిగి సూసిండు. సాగర్ అందరికంటె ఎక్కువ ఆడిండు, అందరిని గీత ఎనుకకు పంపుడు వాని డ్యూటీ. కని వాని సైరన్ మాత్రం ఏయలే.

జులై 9, బుధవారం

ఇంటికాడ నా పెనిమిటి తోమాసు మీద కోపమొచ్చింది. సైరన్ ఏసిన. ఆయన గ్లాసు పట్టుకొని నిజంగనే బయటికి పోయిండు.

జులై 13, ఆదివారం

ఇజ్జత్ పోయింది. పాస్టరయ్య ప్రసంగం గంట దాటింది. హెప్సిబా బెంచీ ఎక్కి సైరన్ ఏసింది. మా సెంటర్ పిల్లలు ఆరుగురు లేసి ఎనుక గోడకు ఉరికిండ్రు. పాస్టరయ్య ఆగిండు. మగ్దలేనమ్మ తల తిప్పి నన్ను సూసింది. నేను బైబిల్ల మొకం దాసుకున్న. నవ్వు ఆపుకునుడుకు నా పానం పోయింది.

జులై 21, సోమవారం, మాపటికి 8

సాగర్ కొరికిండు. మల్ల హెప్సిబానే. ఈసారి బుగ్గ. 9.45.

రెండు వారాలు సల్లగున్నడు, గెలిసిన అనుకున్న. మగ్దలేనమ్మ పొల్లను ఎత్తుకొని వాడకట్టంత తిప్పి చూపిచ్చింది. నవత కొడుకు బట్టలు సదురుతుందని వనజ చెప్పింది. ఇంక పది రోజులు. నాకు ఏడుపొచ్చింది. సాగర్ మీద గూడ కోపమొచ్చింది, అబద్ధం ఎందుకు రాయాలె.

అదే రోజు, 10 గంటలు

రిజిస్టర్ల ఎక్కియ్యాలె అని ఎనుక పేజీలు తిప్పిన. 9.40. 9.35. 9.45.

ఒక్కటి గూడ పగటీలి లేదు. ఒక్కటి గూడ ఆటల లొల్లిల లేదు. నవత గేటు కాడ ఇడిసిపోయేది తొమ్మిదిన్నరకు.

మొదటి పేజీ చదివిన. అగో బొగ్గు లారి. నా రాతే, నా తెలివే. రోజు వాడు లారిని సూసి మర్రి సూస్తె తల్లి ఉండది. రోజు! సైరన్ లేకుండ బ్లాస్టింగ్! పిల్లలకు సైరన్ నేర్పుతున్నా అని ఎగిరిన, వానికి ఎవ్వలన్న సైరన్ ఏసిండ్రా? చెప్పకుండ పో అని తల్లికి నేర్పిందే నేను. పన్నెండేండ్లల్ల ఎంతమందికి చెప్పిననో. సిగ్గయితుంది. కని సిగ్గు రేపు పడ్త. ఇప్పుడైతె తెల్లారేదాక ఆగుడు నాతోని అయితలేదు.

జులై 22, మంగళవారం

ఆరింటికే నవత ఇంటికి పోయిన. తప్పు నాదే బిడ్డా అన్న. ఆమె ఏడ్సి ఇంకోటి చెప్పింది. ముత్యం మస్కట్ పోయిన నాడు రాత్రి రెండింటికి ఎల్లిండట, పిలగాడు నిద్రల ఉండంగ. గల్ఫ్ పోయేటోళ్లు అందరు గట్లనే పోతరు, పిల్లలు ఏడుస్తె కాళ్లు కదలవని. తెల్లారి సాగర్ మంచం కింద ఎతికిండట, బీరువాల ఎతికిండట. దొరకనంక మల్ల అడగనే అడగలేదట. అడుగుతలేడు గద, మర్సిపోయిండు అనుకున్నరట వీళ్లు.

రేపటి నుంచి సైరన్ ఏసి, చెప్పి పో అన్న. ఏడుస్తడు టీచర్, షాపుకు లేటయితది అన్నది. పది నిమిషాలు ముందుగాల రా అన్న.

జులై 23, బుధవారం

నవత గేటు కాడ సైరన్ ఏసింది. రోడ్డు మీద సిగ్గుకు సగం గొంతు మింగింది. నేను పోతున్న, నాలుగున్నరకు వస్త అని చెప్పింది. సాగర్ నమ్మలే. సూసిండు. తర్వాత పీట కాడికి ఉరికి మట్టిని గుద్దిండు సూడు! మట్టి నా చీర మీద, వనజ మొకం మీద, గోడ మీది కోపం మొకం మీద. బాపు అని ఒర్రిండు. తల్లి పోతుంటె బాపు అని!

వనజ ఏడ్సింది. నేను ఏడ్సిన. రెండో సైరన్ రాలే. పది నిమిషాలు దానికోసమే సూసి నవత పోవుడే అయింది. కని కొరకలే!

జులై 24

కొరకలే.

జులై 25

కొరకలే! రెండో సైరన్ ఇంక రాలే. పిల్లలు గీత ఎనుక నిలవడి నిలవడి కూసుంటుండ్రు.

జులై 28

కొరకలే. షాపుల ఓనర్ నవతకు పావుగంట లేటు ఒప్పుకున్నడు, మస్తు బతిమిలాడితె. ఈ నెలాఖరు దాకనేనట.

జులై 31, గురువారం

రాస్త, అంత రాస్త, ఒక్కటి గూడ ఇడువ!

మేడం తొమ్మిదింటికే వచ్చింది. మగ్దలేనమ్మ, పదిమంది తల్లులు, కుర్చీలు చాలక గోడకు ఆనుకున్నరు. 9.20కి గేటు కాడ నవత. అందరిని సూసి ఆమె మొకం తెల్లవడ్డది. ఏయదేమో అనుకున్న. ఏసింది! ఈసారి గొంతు మింగలే, వాడకట్టు ఇనేటట్లు ఏసింది.

పిల్లలు లేసి గీత ఎనుకకు ఉరికిండ్రు. మేడం కుర్చీ గీతకు ఇవుతల ఉన్నది. హెప్సిబా పోయి మేడం కొంగు పట్టుకొని గుంజింది, జరుగుండ్రి మేడం, బ్లాస్టింగ్ అయితది అని. మేడం ఫైల్ పట్టుకొని లేసింది. తల్లులు లేసిండ్రు. మగ్దలేనమ్మ లేయనంటె మనుమరాలు ఆమెను గూడ గుంజుకచ్చింది.

సాగర్ ఒక్కడే పీట కాడ. తల్లి చెప్పింది, పోతున్న, నాలుగున్నరకు వస్త. వాడు గుద్దిండు, ఏడ్సిండు. తర్వాత ఆగిండు. మేడం గడియారం సూసుకున్నది. ఇగ ఏమైతది అని చెవుల అడిగింది. రెండో సైరన్ రావాలె మేడం అన్న. రాకపోతె అన్నది. వస్తది అన్న. నాకు తెల్వది వస్తదో రాదో! నా నోట్లకు వచ్చింది సైరన్, చెయ్యి అడ్డం పెట్టుకున్న. పక్కకు సూస్తె హెప్సిబా గూడ రెండు చేతులతోని నోరు మూసుకున్నది. వాని సైరన్ వాడే ఏయాలె గద.

సాగర్ ముక్కు తుడుసుకున్నడు. తల్లి దిక్కు సూసిండు. ఊ అన్నడు, సన్నగ, బొంగురు గొంతుతోని. మల్ల ఇంకోసారి, ఊఊఊ, గట్టిగ!

అమ్మో! పిల్లలు గీత దాటి ఉరికిండ్రు, వాని మీద పడ్డరు, అందరికంటె ముందుగాల హెప్సిబా. నవత చెయ్యి ఊపింది, వాడు మట్టి చెయ్యి ఊపిండు. ఆమె పోయింది. వాడు మర్రి లారిని గూడ సూడలే.

పిలగాడు ఈడనే ఉంటడు, ఇదంత రాసి నాకియ్యి అన్నది మేడం. మగ్దలేనమ్మ ఏమన్నది? కోడండ్లకు గూడ గీ ఆట నేర్పొచ్చునా అని అడిగింది. అత్తలకు ముందుగాల అన్న. అందరు నవ్విండ్రు, ఆమె గూడ నవ్వింది. ఇయ్యాల నాకు అన్నం సయిస్తలేదు సంతోషానికి.

ఫిబ్రవరి 2, 2026, సోమవారం

నవత ఫోన్. ముత్యం నెల సెలవు మీద వచ్చిండు గద, రేపు మల్ల మస్కట్ పోతుండు. రాత్రి పిలగాడు పండుకున్నంక ఎల్లిపోవాలె అని అమ్మమ్మ బాలలక్ష్మి జైనూర్ నుంచి ఒకటే ఫోన్లట. ముత్యం నన్ను అడుగుతుండట, సైరన్ ఎట్ల ఏయాలె టీచర్ అని. ఫోన్‌లనే నేర్పిన. తోమాసు గ్లాసు పట్టుకొని బయటికి పోయిండు.

ఫిబ్రవరి 3, మంగళవారం

ముత్యం పొద్దుగాల పదింటికి, మా గేటు కాడ, సైరన్ ఏసిండు. అందరం గీత ఎనుక. సాగర్ మట్టి ముట్టలే. బాపు కాళ్లను గుద్దిండు, రెండు చేతులతోని. ముత్యం కదలకుండ నిలవడ్డడు. రైలు టైమైతుందని ఆటో ఆయన హారన్ కొట్టిండు. సాగర్ అటు తిరిగి ఆగుమని చెయ్యి అడ్డం పెట్టిండు. ఆటో ఆయన ఇంజన్ బంద్ చేసిండు.

రిజిస్టర్ల ఎక్కియ్యాలె. సాగర్, రెండో సైరన్, 10.11.