వంటింట్లో బడి

సెప్టెంబర్ 1

ఊళ్ళో పిల్లలందరూ తెల్ల చొక్కాలు తొడుక్కుని, టీచర్లకు పూలు పట్టుకుని బడికి వరస కట్టారు. మా పిల్లలిద్దరూ రాత్రి పైజామాల్లోనే కూర్చుని అట్లు తింటున్నారు. బాల్కనీలోంచి ఆ మందను చూసి జాలిపడ్డాను.

మాకు దేవుడు లేడు, చర్చి లేదు. బడిలో మాత్రం పట్టపగలు పాఠాల మధ్యలో మతం పీరియడ్. వద్దన్నవాళ్ళ పిల్లలు ఆ గంటసేపు బయటికి పోవాలి. తరగతి మొత్తంలో మా యాగొదా ఒక్కతే లేచి బయటికి వెళ్ళేది. ఎనిమిదేళ్ళ పిల్లకు ఎంత అవమానం! చాలు. ఇక చదువు ఇంట్లోనే. ఆరేళ్ళ కోస్తెక్‌కు కూడా.

నియమాలు: గంట లేదు. మార్కులు లేవు. బట్టీ లేదు. జవాబులు చెప్పం, ఆలోచించడం నేర్పుతాం.

జూన్‌లో యాగొదా బడికెళ్ళి పరీక్ష రాయాలట. తప్పితే ఇంటి చదువుకు అనుమతి రద్దు, మళ్ళీ బడికే. నవ్వొచ్చింది.

సెప్టెంబర్ 4

ఉదయం 8: భిన్నాలు. ఆపిల్ కేకు కోసి చూపించాను. సగం, పావు, అరపావు. యాగొదా వెంటనే పట్టేసింది. కోస్తెక్ కూడా పట్టేశాడు, మూడు ముక్కలు.

10: పై అంతస్తు నుంచి అత్తగారు దిగారు.

"ఏమ్మా లీదియా, పిల్లలు బడికెళ్ళలేదేం? ఒంట్లో బాలేదా?"

"ఇదే బడి అత్తయ్యా."

"ఇదా? ఇది వంటిల్లు కదమ్మా."

"చదువు ఎక్కడైనా సాగుతుంది."

"సాగనీ. ముందు ఆ పాలు చూడు, పొంగుతున్నాయి."

పొంగాయి. పొయ్యి తుడుస్తూ ఆవిరి గురించి పాఠం చెప్పేశాను. బడిలో ఏ టీచరైనా ఇలా చెప్పగలదా?

సెప్టెంబర్ 20

నది ఒడ్డున పార్కులో ఇంటి చదువుల వాళ్ళ సమావేశం. సగంమంది పుస్తకం తెరిచే ముందు ప్రార్థన చేస్తారు. మిగతా సగంమంది పుస్తకమే తెరవరు, చెట్లను కావలించుకుంటారు.

"మీ ఇంట్లో పొద్దున్నే ఏం ప్రార్థన చేయిస్తారండీ?" అని అడిగింది ఒకావిడ.

"పళ్ళు తోమిస్తాం" అన్నాను.

మళ్ళీ రమ్మని ఎవరూ అనలేదు. పీడా పోయింది. మాకు మేం చాలు.

దారిలో యాగొదా, "ఆ ఎర్ర టోపీ అమ్మాయి మనింటికి రాదా అమ్మా?" అంది.

"వాళ్ళతో మనకేం పని తల్లీ?"

అది పార్కు వైపు తిరిగి చూస్తూనే నడిచింది.

అక్టోబర్ 17

ఇప్పుడు పాఠాలు పదిన్నరకు మొదలవుతున్నాయి. నిద్ర మెదడుకు మంచిది. పైజామాలు కూడా మంచివే.

చరిత్ర: ఈజిప్టు. కోస్తెక్ పిల్లికి టాయిలెట్ కాగితం చుట్టి మమ్మీని చేశాడు. పిల్లి బతికే ఉంది. బీరువా మీంచి దిగడం లేదు.

నవంబర్ 12

వాషింగ్ మెషీన్ల వాడకం పుస్తకాలు అనువదించడం నా ఉద్యోగం. రేపటికి రెండు ఇవ్వాలి. అందుకని కొత్త పద్ధతి: స్వేచ్ఛగా నేర్చుకోవడం. అంటే నేను పని చేసుకుంటాను, వాళ్ళు నేర్చుకుంటారు.

వాళ్ళు పైకెళ్ళి నానమ్మతో సీరియల్ చూశారు.

సాయంత్రం మా ఆయన ఓల్గెర్ద్ అడిగాడు: "ఇవాళ ఏం చదివారర్రా?"

"డాక్టరు గారికి తన కొడుకెవరో తెలిసిపోయింది నాన్నా" అన్నాడు కోస్తెక్.

"సాహిత్యం" అన్నాను నేను.

జనవరి 15

చలి. మూడింటికే చీకటి పడుతోంది. ఈ వారం పాఠాలు లేవు. అందరికీ జలుబు. నాకు తప్ప. నాకు విసుగు.

"పంపేద్దాం లీదా" అన్నాడు ఓల్గెర్ద్, సూప్ గిన్నెలోకి చూస్తూ.

"ఓడిపోయామని ఊరంతా చెప్పుకోవాలా?"

"ఊరికి మన సంగతి పట్టదే."

అది నిజం కాబట్టే ఒళ్ళు మండింది.

మార్చి 9

యాగొదా బొమ్మలన్నిటినీ వరసగా కూర్చోబెట్టింది. చివర కోస్తెక్. పేర్లు పిలుస్తోంది. వాళ్ళంతా పాత క్లాసు పిల్లలు, ఒక్క పేరూ మర్చిపోలేదు. నేను లోపలికి అడుగు పెట్టాను.

"తలుపు కొట్టి రావాలండీ" అంది.

కొట్టి వచ్చాను.

"అమ్మా, నాకు బడికి వెళ్ళాలనుంది."

"నీకలా ఎందుకనిపిస్తోందో నువ్వే ఆలోచించు తల్లీ" అన్నాను. మంచి జవాబు. నేను చదివిన పెంపకం పుస్తకాలన్నీ అదే చెబుతాయి.

మే 20

పరీక్ష దగ్గరపడింది. కేకుల టైమర్ ఇప్పుడు గంట కొడుతోంది. ఎక్కాలు బట్టీ. తప్పుకు చాక్లెట్ కోత. గోడ మీద మార్కుల పట్టిక. ఇది నా పద్ధతి కాదు, తాత్కాలికం.

యాగొదా వారం తిరక్కుండానే అన్నీ అప్పజెప్పేసింది. ఒక్క తప్పు లేదు. జూన్‌లో ఆ హెడ్‌మిస్ట్రెస్ మొహం చూడాలి.

జూన్ 5

చూశాను.

పరీక్షయ్యాక నన్ను గదిలోకి పిలిచింది. కాగితాలు నా ముందుకు జరిపింది. ఏడు ఎనిమిదులు పదిహేను. మన రాజధాని వార్సా ఫ్రాన్సులో ఉంది. పాలు చెట్టుకు కాస్తాయి.

"అన్నీ తప్పే" అంది.

కాగితాలు మళ్ళీ మొదటినుంచి తిప్పాను.

"ఈ అవును-కాదు ప్రశ్నలు చూడండి. కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా సగం ఒప్పవుతాయి. ఒక్కటీ ఒప్పు కాలేదు. అంటే పిల్లకు అన్నీ వచ్చు. మీరు బాగానే చెప్పారమ్మా. సెప్టెంబర్ నుంచి పంపించండి."

పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తెలియలేదు.

సాయంత్రం

బడి బయట బెంచీ మీద ఇద్దరం ఐస్‌క్రీమ్ తిన్నాం.

"ఎందుకే?"

"తప్పితే బడికి పంపాల్సిందే కదా."

"అక్కడ నిన్ను గదిలోంచి బయటికి పంపేవాళ్ళు తల్లీ."

"ఆ. లైబ్రరీకి. నేనూ, పక్క సెక్షన్ అమ్మాయి ఇగా, నాలుగో తరగతి మాచెక్. లైబ్రరీ మేడమ్ టీ ఇచ్చేది, పేకాట నేర్పింది. అన్నిట్లోకీ మంచి పీరియడ్ అదే."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

నాకు ఏడుపొచ్చింది. అవమానపడింది పిల్ల కాదు, నేను. నా పరువు కోసం ఏడాదిపాటు దాని స్నేహితుల్ని దానికి దూరం చేశాను. సారీ చెప్పాను. అది నా చేతిలో కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ కూడా తీసుకుని తినేసింది.

సెప్టెంబర్ 1

యాగొదా తెల్ల చొక్కాకు నేనే ఇస్త్రీ చేశాను. పూలు కూడా నేనే కొన్నాను. ఇద్దరికీ, టీచరుకూ లైబ్రరీ మేడమ్‌కూ.

కోస్తెక్ సంగతి వేరు. ఈసారి వాణ్ణి ముందే అడిగాను.

"బడికెళ్తావా, ఇంట్లో చదువుతావా?"

"బడికైతే పొద్దున్నే లేవాలా?"

"లేవాలి."

"అయితే ఇంట్లోనే."

స్వేచ్ఛగా తీసుకున్న నిర్ణయం. యాగొదా విషయంలో తప్పంతా తొందరపాటుదే. పద్ధతిలో లోపం లేదు. కొత్త నియమాలు గోడకు అంటించాను: గంట లేదు. మార్కులు లేవు. బట్టీ అసలే లేదు.

యాగొదా సంచీ భుజానికి తగిలించుకుంటూ ఆ కాగితం మొత్తం చదివింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"అమ్మా, వాడికి అర్థం కానివి నువ్వు చెప్పకు. ఒకచోట రాసిపెట్టు. బడినుంచి వచ్చాక నేను చెప్తా."

సరేనన్నాను. కోస్తెక్ లేచాక మొదలుపెడతాం.