కుడితి తొట్టి

ధూల్‌పేట్,
2025 ఆగస్టు 12, మంగళవారం.

ప్రియమైన యశోదక్కకు,

నీ చెల్లెలు తనూజ నమస్కారాలు. ఇక్కడ మనుషులమూ బర్రెలూ అందరం క్షేమం. అక్కడ నువ్వు, బావ, పిల్లలు క్షేమమని తలుస్తాను. పక్కనున్న మలక్‌పేటకు ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది, ఈ ఇంట్లో ఏడిస్తే కొట్టం దాకా వినబడుతుంది. అందుకే రాసి, రేపు పొద్దున మీ వీధికి పాలు పోయడానికి వచ్చే మా ఆయన మహేష్ చేతికిస్తున్నాను.

బరువు తగ్గే ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. కడుపును గుప్పెడంత చేసి కుట్టారు కదా, ఆ కుట్లన్నీ మానాయి. నా పాత జాకెట్టులో ఇప్పుడు మనిద్దరం దూరవచ్చు. కానీ అక్కా, ఆపరేషన్ బల్ల మీద కూడా వేయని భయం ఇప్పుడు పళ్లెం ముందు కూర్చుంటే వేస్తోంది.

పోయిన వారం మా నల్లబర్రె ఈనింది. ఈ ఇంటి పద్ధతి నీకు తెలుసు. దేవుడి ముందు పెట్టాక మొదటి జున్ను కోడలే తినాలి, వద్దంటే బర్రె పొదుగు ఎండిపోతుందట. హాస్పిటల్‌లో డైటీషియన్ మేడమ్ తీపి ముట్టవద్దని మరీ మరీ చెప్పింది. అది అత్తమ్మ కూడా విన్నది. అయినా గిన్నె తెచ్చి, "జున్ను తీపెట్లయితది బిడ్డా, అవి పాలే గద! బెల్లం జరంత ఏసిన, గంతే" అంది. పాలను తిండిలో జమ కట్టని ఇల్లిది. ఆమెను అని ఏం లాభం, నాకూ నోరూరింది. గిన్నె ఖాళీ చేశాను.

కడగడానికి లేచానో లేదో గుండె దడదడ కొట్టుకుంది. చెమటకు చీరంతా తడిసిపోయింది. కడుపులో మెలిపెట్టి, కళ్లు బైర్లు కమ్మి, బాత్‌రూమ్ గోడ పట్టుకుని కూలబడ్డాను. లోపల కుట్లు ఊడిపోయి తిన్నదంతా ఎక్కడెక్కడికో పారుతోందనుకున్నాను. చచ్చిపోతున్నాననే అనుకున్నాను అక్కా. బయట అత్తమ్మ ఒకటే లొల్లి, "ఎవల దిష్టి తగిలిందో ఏందో" అని. మహేష్ హాస్పిటల్‌కు ఫోన్ చేశాడు. తీపి ఒక్కసారిగా పేగులోకి జారితే ఇలాగే అవుతుంది, పడుకోబెట్టండి, తగ్గకపోతే వెంటనే తీసుకురండి అన్నారు. కాసేపటికి తగ్గింది. నొప్పయితే తగ్గింది గానీ భయం తగ్గలేదు.

నువ్వేం ఫికర్ చేయకు. ఇప్పుడు జాగ్రత్తలన్నీ నేర్చుకున్నాను. పొద్దున సగం ఇడ్లీ చెంచాతో కొంచెం కొంచెంగా తీసుకుని, నోట్లోనే పిండి అయ్యేదాకా నములుతాను. తింటూ నీళ్లు తాగను, తాగితే ముద్ద తొందరగా జారిపోతుందట. మధ్యాహ్నం ఉడికించిన గుడ్డు, కాస్త పెసరపప్పు. తేన్పులొస్తే మహేష్ "మోటరు చాలూ అయ్యింది" అని ఆటపట్టిస్తాడు. పక్కింటి ఎల్లప్ప మామ వాకిట్లో గణపతులకు రంగులేస్తున్నాడు. అంత బొజ్జతో, చేతిలో ఉండ్రాళ్లతో, ఏ భయమూ లేకుండా కూర్చున్నాడు స్వామి. చూస్తే ఈర్ష్యగా ఉంది.

అత్తమ్మ మీద కోపం పెట్టుకోకు. ఆ రోజు నుంచి నా పళ్లెంలో ఆమే స్వయంగా వడ్డిస్తోంది, తీపి వాసన కూడా తగలనివ్వదు. తినేవాళ్లను చూస్తే దిష్టి తగులుతుందని, పళ్లెం నా ముందు పెట్టి తను వాకిట్లోకి వెళ్లిపోతుంది. ఇంకెవరినీ లోపలికి రానివ్వదు కూడా.

ఆపరేషన్‌కు నువ్వే ధైర్యం చెప్పావని నీ మనసులో ఏ మూలనైనా బాధ ఉంటే తీసెయ్. నేను బాగానే ఉన్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు
తనూజ

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఆ ఇడ్లీ, గుడ్డు, పప్పు నాకు పెడుతున్నది నిజం, నేను తింటున్నానన్నది అబద్ధం. జున్ను తిన్న రోజు నుంచి ముద్ద నోటి దగ్గరికి రాగానే గుండె దడ మొదలవుతోంది. అత్తమ్మ వాకిట్లోకి వెళ్లగానే పళ్లెం తీసుకెళ్లి వెనకున్న కుడితి తొట్టిలో ఒంపేస్తున్నాను. రోజంతా నీళ్లు, హాస్పిటల్ వాళ్లిచ్చిన పౌడర్ రెండు గుక్కలు, అంతే. నిలబడితే తూలుతున్నాను. నీకు చెబితే ఆపరేషన్ వద్దనాల్సిందని కుమిలిపోతావని దాచాను.

ఇప్పుడే బర్రెలకు కుడితి కలుపుతుంటే అత్తమ్మ చేతికి గుడ్డు తగిలింది. తిట్టలేదు. తడి చేత్తోనే వచ్చి నా పక్కన కూర్చుంది. "బర్రె ఒక్క పూట మేత ముట్టకుంటె డాక్టర్‌ను పిలుస్తం. నువ్వు ముట్టకుంటె ఎవల్ని పిలవాలె బిడ్డా?" అంది.

నీ పేరు చెప్పాను. రేపు హాస్పిటల్‌కు తీసుకెళ్తామంటున్నారు, వెళ్తాను. దానికంటే ముందు నువ్వు మహేష్ బండి మీద వచ్చెయ్. నేను తింటున్నంతసేపూ నా ఎదురుగా కూర్చుని నన్నే చూడు. దిష్టి తగిలితే తగలనీ.