మంచు కళ్ళద్దాలు

1984 జూన్ 2, శనివారం

మా ఆయన కంట్లోంచి డాక్టరు తుప్పు రజను తీశాడు. సూది మొనతో. పక్కనే నిలబడి చూశాను. మార్కుది ఈ గల్ఫ్ దేశంలో, సిత్రా దీవిలో చమురు టాంకుల తుప్పు గీకే పని. (ఎదురుగా ‘ఏమండీ’. ఈ డైరీలో మాత్రం మార్కే.) కంపెనీ ఇచ్చిన అద్దాలకు పక్కలన్నీ ఖాళీ. ఇంకోసారి పడితే చూపు పోవచ్చన్నాడు డాక్టరు, టీ చల్లారిపోతోంది అన్నంత మామూలుగా.

జూన్ 4

నేను పనిచేసే స్పోర్ట్స్ షాపులో స్కీ గాగుల్స్ ఉన్నాయి. చలికాలం మంచు కొండలకు పోయే దొరల కోసం తెప్పించినవి. ముఖానికి అతుక్కుపోతాయి, దుమ్ము దూరదు. రెండు జతలు గీతలు పడ్డాయని ఓనరు నాకు ఊరికే ఇచ్చేశాడు. డ్రాయర్లో స్పేర్ లెన్సులు అన్నీ పసుపువే. మబ్బు రోజున మంచు బాగా కనబడటానికట.

జూన్ 5

పాత లెన్స్ వంచి లాగితే వచ్చేసింది. కొత్తది గాడిలో కూర్చునేసరికి గోరు విరిగింది. చివికిన ఫోమ్ పీకేసి స్పాంజి కోసి అతికించాను. పట్టీ హెల్మెట్ మీదికి చాలలేదు. లంగా ఎలాస్టిక్ కలిపి కుట్టాను. డిగ్రీ అయ్యాక ఇన్నాళ్ళకి నా చదువుకి తగ్గ పని దొరికినట్టుంది.

జూన్ 8, శుక్రవారం

చర్చిలో ప్రార్థన అయ్యాక భోజనానికి బాలన్న వచ్చాడు. మార్కు గ్యాంగువాడే, జగిత్యాల దగ్గర ఊరు. గాగుల్స్ చూసి ఒకటే నవ్వు. దుబాయిల మంచు ఏడున్నది చెల్లె అని (వాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే), బావ కప్ప లెక్క కనవడుతున్నడని. చెప్పులు వేసుకుంటూ మాత్రం, నాకొకటి జేసియ్యరాదు అన్నాడు, మెల్లగా.

ఇన్నాళ్ళూ టాంకు గోడలు. రేపట్నుంచి పైకప్పు. తుప్పుకు పలచబడ్డ రేకుల చుట్టూ పసుపు పెయింటుతో గీతలు గీశారట. అవి దాటకపోతే భయం లేదన్నాడు మార్కు.

జూన్ 9, ఉదయం

బాలన్న జత పూర్తయింది. ఎలా ఉందో చూద్దామని పెట్టుకున్నాను. పళ్ళెంలో హాఫ్ బాయిల్ గుడ్డు. పచ్చసొన లేదు.

తీశాను. ఉంది. పెట్టుకున్నాను. లేదు. తెల్ల పళ్ళెం, తెల్లసొన, పచ్చసొన, అంతా ఒకటే పసుపు.

టాంకు కప్పు తెలుపు. గీతలు పసుపు.

బీఎస్సీలో లైట్ చాప్టర్ నాకు కంఠతా వచ్చు.

జూన్ 9, సాయంత్రం

టాక్సీలో దారంతా యల్లా, యల్లా అని డ్రైవరుని తొందరపెడుతూనే ఉన్నాను. గేటు దగ్గర ఆపేశారు. అప్పుడే మార్కు నడుచుకుంటూ వచ్చాడు. ముఖాన గాగుల్స్ లేవు. స్తోత్రం ప్రభువా అన్నాను, పైకే. తర్వాత చూశాను, చొక్కా నిండా నెత్తురు. తనది కాదు.

బాలన్న కాసేపు పెట్టుకుంటానని అడిగి తీసుకున్నాడట. గీత దాటి నడిచిపోయాడట. మార్కు అరుస్తూనే ఉన్నాడట. రేకు విరిగి కాలు తొడదాకా దిగిపోయింది. చంకల కింద పట్టి పైకి లాగారు. కింద అంతా ఖాళీ టాంకు.

స్తోత్రం అన్నానే. ఆ మాట ఎలా వెనక్కి తీసుకోను?

జూన్ 10

పచ్చసొన సంగతి మార్కుకి చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

జూన్ 13

బాలన్న కాలు దక్కుతుందట. ఆస్పత్రిలో నన్ను చూడగానే, మంచిగ జేసినవ్ చెల్లె, కంట్ల నలుసు గూడ వడలే అన్నాడు. సంచిలోంచి తన జత తీసి చేతిలో పెట్టాను. పెట్టుకుని, కాలి తెల్లటి కట్టు మీద పసుపు మందు మరకల వంక చూశాడు.

“మరకలు వోయినయ్. నయమైనట్టేనా?”

నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది. అద్దాలు తీశాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.