నొక్కి పలికిన మాట

నాన్నా,

డ్యూటీ దిగివచ్చి రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెట్టి, "అన్నీ పట్టుకోనక్కర్లేదమ్మా, నొక్కి పలికినవి పట్టుకో, చాలు" అనేవాడివి. నిన్న అమ్మ స్కాన్ వెలుతురుకి పట్టి చూస్తూ ఇద్దరు డాక్టర్లు మా ముందే ఇంగ్లీషులో గబగబా మాట్లాడుకున్నారు. మొదటిసారి నాకంతా అర్థమైంది. నువ్వుంటే మురిసిపోయేవాడివి. తర్వాత మావైపు తిరిగి, కంగారేమీ లేదని హిందీలో చెప్పారు.

ఆటోలో అమ్మ అడిగింది. "అచ్ఛా, ఇంగ్లీషులో ఏటన్నారే?"

"బాగానే ఉందంట. మందులు రాశారు."

ఆటో గోల్ బజార్ దాటాక అమ్మ నావైపు తిరిగింది.

"ఆ పెద్ద డాక్టరు ఒక మాట రెండుసార్లు నొక్కి పలికాడు. అది నాకు చెప్పలేదేటే?"

మన క్వార్టర్లో నువ్వు నాకు పాఠం చెప్పినన్నాళ్లూ, అమ్మ వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చునేది, నాన్నా.