పటేలు ముత్తాత ఎత్తు

అన్నా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. పినపాక అడవిలో మనం రాకాసి గుళ్లు అనే బండల సమాధులను నిన్న పట్నం సార్లు తవ్వారు. అందులో ఉన్నది తాడిచెట్టంత మనుషులనీ, వాళ్లు తన తాతముత్తాతలనీ పటేలు గొప్పలు పోయేవాడు కదా. "గా బండలు మోసింది మనసొంటోళ్లే" అన్నందుకు నిన్ను ఆ బండ పక్కనే పొద్దుగూకేదాకా ఎండలో నిలబెట్టాడు. ఆ రాత్రి పట్టిన జ్వరం నుంచి నువ్వు లేవలేదు.

ఎముకలు బయటపడగానే పటేలును నేనే వెంటబెట్టుకొచ్చాను. ఇప్పుడతను ముసలివాడు, కర్ర లేనిదే అడుగు పడదు. కొలుస్తానని ఆ కర్ర తీసుకున్నాను. సార్లను అడిగి తల నుంచి మడమ దాకా కొలిచాను. నా అంత మనిషే. అంటే నీ అంత.

"పాతకాలం మనుషులు మనలాగే ఉండేవాళ్లమ్మా" అన్నాడు పెద్దసారు.

"ఏంది పటేలా, మీ ముత్తాత గింతేనా?" అన్నాను. ఊరంతా నవ్వింది. పటేలుకు చెయ్యి అందించడానికి ఒక్కరూ కదలలేదు.

"కర్ర ఇయ్యి. ఎండ కొడుతున్నది."

"అవ్, కొడ్తది" అన్నాను.

పొద్దుగూకాక ఇచ్చాను.

నీ చెల్లె